బాపు కాళ్లు

ఆశేర్ నన్ను ముంచాడు. గుడిలో కూర్చుని తోడబుట్టినవాడి గురించి ఇట్లా అనుకోకూడదు, కానీ తల ఎత్తితే వాడి పేరే కనపడుతుంటే ఏం చెయ్యను. నా నెత్తి మీది ఫ్యానుకు మూడు రెక్కలు, మూడు రెక్కల మీద ఎర్ర రంగుతో మూడు మాటలు రాయించాడు: ఆశేర్, కుటుంబం వారి, కానుక. తిరుగుతున్నంతసేపు ఏదీ కనపడదు, అదొక్కటే సుఖం. కరెంటు పోయిందా, రెక్కలు నీరసంగా తిరిగి తిరిగి, వాడి పేరున్న రెక్కే వచ్చి సరిగ్గా నా ముఖం మీద నిలబడుతుంది. అందుకే ఆదివారాలు చివరి బెంచీలో కూర్చుంటాను. అక్కడ ఫ్యాను లేదు, పేరు లేదు, చెమట ఉంటుంది, అది నయం. ఇవాళ శుభ శుక్రవారానికి ముందటి గురువారం, కాళ్లు కడిగే సాయంత్రం, బ్లెసన్ పాస్టరు నా మోచెయ్యి పట్టుకుని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఎదురుగా ఆశేర్. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మోకాళ్ల మీద చేతులు, కళ్లు నేల మీద. వంచిన ఆ మెడ కూడా నిండుగా, నున్నగా ఉంది. నా మెడ ఎండకు కాలిన తోలు.

మా సంఘంలో తాతల నాటి పద్ధతి ఒకటుంది. ఏడాదంతా మాటలు లేనివాళ్లను ఈ ఒక్క సాయంత్రం ఎదురెదురుగా కూర్చోబెడతారు. చిన్నవాళ్లు కిందికి దిగి పెద్దవాళ్ల కాళ్లు కడగాలి. రెండు కాళ్లూ కడిగి తువ్వాలుతో తుడిచారంటే ఆ తగాదా అక్కడికి చెల్లు, బతికి ఉండగా ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు, ఎత్తినవాణ్ణి ప్రభువు బల్ల దగ్గర నుంచి లేపి పంపుతారు. నీళ్లు పోసినంక మాట లేదు అంటారు మా ముసలివాళ్లు. కడిగించుకోనంటే బలవంతమేమీ లేదు, నీ తగాదా నువ్వు ఉంచుకోవచ్చు, కానీ బల్ల మీది రొట్టెకు చెయ్యి చాపకూడదు. బాపు పోయినప్పటి నుంచి నేను చాపలేదు. రొట్టె పళ్లెం వచ్చేసరికి కిటికీలోంచి బయట తుమ్మచెట్టును చూస్తూ కూర్చుంటాను, పక్క వరసలో నా భార్య జయశీల ఒక్కతే తీసుకుంటుంది. మొన్న మట్టల ఆదివారం ఇంటికి పోతూ ఆటోలో చెప్పింది. "ఇగ నేనొక్కదాన్నే తినను. నువ్వు తింటే తింట. లేకుంటే నీ తుమ్మచెట్టునే నేను గూడ జూస్త." ఆమెకు ఆ రొట్టె అంటే ఏమిటో నాకు తెలుసు. రెండు కాళ్లు నీళ్లలో పెడితే నా భూమి మాట పోతుంది. పెట్టకపోతే ఆమె రొట్టె పోతుంది. ఆశేర్‌కు మాత్రం ఏమీ పోదు. ఎటు తిరిగినా ఏమీ పోనివాడిగా వాణ్ణి ఎవరు పుట్టించారో.

పైగా ప్యాంటు మోకాళ్ల దాకా మడవాలి. నా కాళ్లు వాడికి చూపించాలి. ఎడమ కాలు పిక్క పక్కన మొదలై చీలమండ దాకా సన్నని గీతలు, కొన్ని ఎర్రవి, కొన్ని నీలివి, కొన్ని నేరేడుపండు చీకిన నాలుక రంగువి, ఒకదానిలోంచి ఒకటి చీలి, మళ్లీ కలిసి, చర్మం కింద సాలెపురుగు తీరిగ్గా కూర్చుని అల్లినట్టు ఉంటాయి. కుడి కాలు ఇంకా ఘోరం, మోకాలి వెనక గుత్తిగా పూసి కిందికి దిగాయి. ఒక్క రాత్రిలో రాలేదు. నేను చూడలేదు, అంతే. మనిషి తన మోకాలి వెనక ఎప్పుడు చూసుకుంటాడు? విమానాశ్రయం దగ్గర ఒక ప్రైవేటు పార్కింగులో బయటికి పోయే గేటు నాది, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా నిలబడాలి, కుర్చీ వేస్తే మర్యాదగా ఉండదట. బట్టలు మార్చుకునే రేకుల గదిలో ముందు చూసింది జిలానీ, లోపలికి వచ్చే గేటు వాడిది. "అరె దాసు భాయ్, కాలు మీద అవుటర్ రింగు రోడ్డు ఏసుకున్నవ్ కదా! గిది హిమాయత్ సాగర్, గిది శంషాబాద్, గీడ టోల్ గేటు. పైసల్ గిట్ల వసూల్ జేస్తున్నవా?" అని వేలు పెట్టి చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను. వాడు మళ్లీ, "నవ్వుడు కాదు, దవాఖానకు పో, జర చూపించుకో" అన్నాడు. వాడి కాళ్లు చూశాను. నాతో పాటే నిలబడతాడు, నా కంటే లావు కూడా, ఒక్క గీత లేదు. జిలానీ మంచివాడు, వాడి మీద కూడా ఆ పూట నాకు కడుపు మండింది.

పళ్లెంలో నీళ్ల చప్పుడు. మొదట తోడికోడళ్లు. కౌసల్యమ్మ మోకాళ్ల మీద కూర్చుని సక్కుబాయి కాళ్లు కడుగుతోంది. మోరీ నీళ్లు ఎవరి వాకిట్లోంచి పోవాలని రెండేళ్లుగా మాటల్లేవు వాళ్లకు. "మెల్లగ రుద్దవే, కాళ్లా గిన్నెలా అవి?" అంటోంది సక్కుబాయి. "గిన్నెలైతే గింత మురికుండదు అక్కా" అంది కౌసల్యమ్మ. వెనక ఆడవాళ్లు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు, పాస్టరు కూడా పుస్తకం ముఖానికి ఎత్తుకున్నాడు. అంత తేలికగా పోతుందా మోరీ? పోతుంది, మోరీ కాబట్టి. సక్కుబాయి కాళ్ల మీద కూడా ఉన్నాయి గీతలు, ఇద్దరూ వాటిని చూడనైనా లేదు, ఆడవాళ్లకు అవి గాజుల్లాగ ఉండేవే కాబోలు. మా అమ్మ అనేది, ఏడుపు బయటికి పోకుంటే కాళ్లల్ల దిగుతది బిడ్డా అని. బాపు కాళ్లు చూపించి అనేది. బాపు రోజంతా కూలికి పోయి వచ్చి నులక మంచం మీద బోర్లా పడుకుంటే నేను పిక్కలు పిసికేవాణ్ణి, నా బొటనవేళ్ల కింద ఆ నీలిగీతలు అణిగేవి, చెయ్యి తీస్తే మళ్లీ లేచేవి, నాకు అదొక ఆట. ఆశేర్ చిన్నవాడు, వాడు పిసకడు, బాపు వీపు మీద ఎక్కి కూర్చుంటాడు. పిసికింది నేను. ఏడో తరగతిలో బడి మానేసి బాపు వెంట పొలానికి పోయింది నేను. వాడు పదో తరగతి దాకా చదివాడు. వాడి చెప్పులకు బురద అంటలేదు. అమ్మ మాట నిజమని చాలా ఏళ్లు నమ్మాను, అందుకే గీతలు చూడగానే నాకు తెలిసిపోయింది: ఇది వాడి వల్ల. నేను బయటికి కక్కనిదంతా కిందికి దిగి కాళ్లలో పేరుకుంది. ఒక్కో గీత వాడు కిరాయికి కట్టిన ఒక్కో గది. వాడు మేడ మీద మేడ వేసినప్పుడల్లా నా పిక్క మీద ఒక కొమ్మ.

జయశీల పట్టు పట్టి అత్తాపూర్ దవాఖానకు తీసుకుపోయింది. ఎక్స్‌ప్రెస్ వే స్తంభాల పక్కన మెట్లెక్కి పోవాలి, డాక్టరమ్మ కోస్తా మనిషి, చిన్న వయసు, నన్ను మంచం మీద ఎక్కించకుండా నేల మీద నిలబెట్టి, తను స్టూలు మీద కూర్చుని చూసింది. "ఎన్నాళ్ల నుంచి ఉన్నాయండీ?" తెలియదన్నాను. "ఏం పనండీ?" నిలబడే పని అన్నాను. అప్పుడు నెమ్మదిగా చెప్పింది. గుండె పైన ఉంటుంది, కాళ్లు కింద, కిందికి దిగిన రక్తం మళ్లీ పైకి ఎక్కాలి. నరాల లోపల చిన్న చిన్న తలుపులుంటాయట, పైకి మాత్రమే తెరుచుకుంటాయట. నడిచినప్పుడల్లా పిక్క బిగుసుకుని రక్తాన్ని పైకి తోస్తుంది, వెనక తలుపు మూసుకుంటుంది. కదలకుండా నిలబడితే తోసేది ఉండదు. ఏళ్ల తరబడి అట్లా నిలిచిన బరువుకు తలుపులు వదులైపోతాయి, పైకి పోయింది కొంత వెనక్కి జారుతుంది, ఆ ఒత్తిడికి చర్మం కిందే ఉన్న సన్ననివి ఉబ్బి ఇట్లా బయటికి కనపడతాయి. నాకు అర్థమైంది. బయటికి పోయే గేట్లోంచి ఒకడు కారు వెనక్కి తెచ్చాడంటే చాలు, వాడి వెనక పది కార్లు, సందుల్లోంచి, పేవ్‌మెంటు మీంచి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూరతారు. నా కాలి మీద ఉన్నది అదన్న మాట. కానీ జిలానీ కూడా నిలబడతాడు కదమ్మా, అన్నాను. "నిలబడినంత మాత్రాన అందరికీ రాదండీ. వయసు ఉంటుంది, బరువు ఉంటుంది, ఆడవాళ్లకైతే కాన్పులు. అన్నిటికన్నా ముందు రక్తంలో రావాలి. మీ నాన్నగారికి ఉండేవా?" ఉండేవన్నాను. "మరి అదేనండీ. ఆయన ఇచ్చిందే." అన్నదమ్ములుంటే అందరికీ ఇస్తాడా అన్నాను. "ఒకరికి రావచ్చు, ఒకరికి రాకపోవచ్చు. ప్రమాదమేమీ లేదు. నడవండి, రాత్రి కాళ్లు ఎత్తు మీద పెట్టుకోండి, బిగుతు సాక్సు వేసుకోండి. వాపు గాని పుండు గాని వస్తే మాత్రం వెంటనే రండి." లేచి పోతూ ఉండబట్టలేక అడిగాను, మనసులో కుళ్లు ఉంటే వస్తదా అమ్మా ఇది అని. ఆమె నవ్వింది. "అలా అయితే ఈ ఊళ్లో ఎవరి కాళ్లూ మామూలుగా ఉండవండీ." జయశీల కూడా నవ్వింది. నేను మెట్లు దిగుతూ ఒక్కో మెట్టు మీద ఆగాను. ఆయన ఇచ్చిందే. బాపు కాళ్లు నాకు వచ్చాయి, బాపు భూమి వాడికి పోయింది. కుళ్లు వల్ల వచ్చిందని అనుకున్నన్నాళ్లూ ఇంత కుళ్లుకోలేదు నేను.

రెండు చెక్కల భూమి ఉండేది మాకు. బావి ఉన్న పొలం ఒకటి, నీరందని రాళ్ల చెలక ఒకటి. పెద్దోడివి, కష్టపడ్డవు, బావి పొలం నువ్వు తీసుకో అన్నాడు బాపు, నా ఛాతీ ఇంత వెడల్పయింది, ఆశేర్ ఒక్కమాట అనకుండా రాళ్లు తీసుకున్నాడు. ఏడాది తిరగలేదు, విమానాశ్రయం దారికని బావి పొలం పోయింది. వచ్చిన డబ్బు అమ్మ రోగానికి సగం, ఇంటి పైకప్పుకు సగం. రాళ్ల చెలక ముందుకు రోడ్డు వచ్చి ఆగింది. "ఆశేర్ అన్నా, దండం" అని రోడ్డే పలకరించినట్టు ఆగింది. రాళ్లు పగలగొట్టి అమ్ముకున్నాడు, రాళ్లు పోయిన చోట గదులు కట్టాడు, విమానాల్లో పనిచేసే పిల్లలకు కిరాయికి ఇచ్చాడు. బాపు చివరి రోజున నేనూ వాడూ మాత్రమే ఉన్నాం గదిలో. జయశీల వంటింట్లో గంజి కాస్తోంది. బాపు కళ్లు తెరిచి వాణ్ణే చూసి, నన్ను కాదు, వాణ్ణే చూసి అన్నాడు, చెలకల సగం అన్నకియ్యి బిడ్డా, వాని పొలం నా వల్ల పోయింది అని. నా చెవులతో విన్నాను. వాడి చేతిలో నీళ్ల గ్లాసు ఉంది, బాపు నోటికి పెట్టబోయినవాడు దాన్ని కింద పెట్టాడు. మూడో రోజున పెద్దల ముందు ఏమన్నాడు? "జరంల ఏదో గొణిగిండు. నాకైతే ఇనబడలే." కోపంగా కూడా అనలేదు, మెత్తగా అన్నాడు, మెత్తగా అన్నవాణ్ణే జనం నమ్ముతారు. నేను అరిచాను, అరిచినవాడు అబద్ధాలకోరు అయ్యాడు. ఇన్నేళ్లలో ఎవరూ నా ముఖం మీద అబద్ధమని అనలేదు. నిజమని కూడా అనలేదు. జయశీల అనలేదు. ఒకసారి రాత్రి అడిగాను, నువ్వు నమ్ముతవా అని. "గంజి పొయ్యి మీద ఉండె" అంది. అది జవాబా?

పొద్దున పార్కింగుకు పోయేటప్పుడు వాడు నిక్కరు వేసుకుని బ్యాడ్మింటను ఆడి వస్తూ ఎదురవుతాడు. నేను వాడి ముఖం చూడను, కాళ్లు చూస్తాను. నున్నగా, చెక్కినట్టు, వెంట్రుకలు కూడా ఒద్దికగా ఉంటాయి. ఒక్క ఎర్రదారం లేదు. వాడి భార్య జూలీకి జయశీల చెప్పిందట నా కాళ్ల సంగతి, మరుసటి రోజుకు బిగుతు సాక్సు జత ఒకటి మా గుమ్మానికి వేలాడింది, మంచి సరుకు, చర్మం రంగుది. "మరిది పంపిండు. ఏసుకుంటే పోయేదేముంది?" అంది జయశీల. నా కాళ్లు నా ఇంట్లో ఉండగా వాడి ఇంట్లో ఎందుకు మాట్లాడుకోవాలి? పెట్టెలో అడుగున పడేశాను. ఆ రాత్రి పిక్కలు గుంజుతుంటే ఒకసారి తీసి వేసుకుని చూశాను, హాయిగా ఉంది, అందుకని మరింత కోపం వచ్చి మళ్లీ పెట్టెలో పడేశాను.

"జ్ఞానదాసన్నా." పాస్టరు గొంతు. పళ్లెం నా ముందుకు వచ్చింది. ఆశేర్ బెంచీ దిగి మోకాళ్ల మీద ఉన్నాడు, ఇస్త్రీ ప్యాంటు నేలకు ఆనింది. ఎట్లా వద్దనాలో ఆలోచించేలోపు వాడి చేతులు నా ఎడమ బూటు దారం విప్పుతున్నాయి. ముడి తడబడింది వాడికి. వద్దన్నా అనవచ్చు ఇప్పుడు. ఆడవాళ్ల వైపు నుంచి దగ్గు ఒకటి వినపడింది, జయశీల దగ్గు నాకు తెలుసు, అది ఆమెది కాదు, ఆమె ఊపిరి బిగపట్టి ఉంటుంది. గుడి మీదుగా విమానం పోతోంది, గోడలు సన్నగా అదురుతున్నాయి, పాస్టరు చదవడం ఆపి అది పోయేదాకా ఆగాడు. వాడు నా ప్యాంటు మోకాలి దాకా మడిచాడు. నీళ్లు పోశాడు. చల్లగా లేవు, ఎవరో గోరువెచ్చగా చేసి తెచ్చారు, దిగిపోయాయి ఎముక దాకా. వాడి చెయ్యి మడమ మీద నుంచి పైకి వచ్చి చీలమండ దగ్గర ఆగింది. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. బొటనవేలు పెట్టి ఒక నీలిగీతను నొక్కాడు, తీశాడు, అది మళ్లీ లేచేదాకా చూశాడు.

"గివి బాపువే" అన్నాడు. నాకు మాత్రమే వినపడేట్టు. ఆ తర్వాత, "నాకొక్కటి గూడ రాలేదే అన్నా" అన్నాడు.

ఆ గొంతు నాకు తెలుసు. నిండిన పళ్లెం పక్కవాడి ముందు చూసినవాడి గొంతు అది, ఇన్నేళ్లుగా నా గొంతులో కూర్చున్నదే. వాడి గొంతులోంచి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. వాడు గదులన్నీ పెట్టుకుని, మేడలన్నీ పెట్టుకుని, నా కుళ్లిన పిక్క చూసి కుళ్లుకుంటున్నాడు. వేలు తియ్యడం లేదు. నీళ్లు మళ్లీ పోయడం మరిచిపోయాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "అన్నడు అన్నా. బాపు అన్నడు. సగం అన్నకియ్యి అన్నడు. నాకు ఇనబడ్డది."

ఒక కాలు తడిసినాక చెప్పాడు. లెక్క తెలిసినవాడు. ముందే చెప్పి ఉంటే సగం ఇవ్వాలి, రెండు కాళ్లూ తుడిచాక చెప్పి ఉంటే ఎందుకు చెప్పినట్టు, సరిగ్గా ఒక కాలు తడిసి, ఒక కాలు బూటులో ఉన్నప్పుడు చెప్పాడు. లేదా లెక్కేమీ లేదేమో, బాపు కాలు చేతిలోకి వచ్చేసరికి వాడి నోరు వాడి మాట వినలేదేమో. నాకు తెలియడం లేదు. నా కుడి కాలు ఇంకా పొడిగా ఉంది, తగాదా ఇంకా బతికే ఉంది, లేచి నిలబడి అరవవచ్చు, విన్నారా, అన్నడంట, నా చెవులు అబద్ధం చెప్పలేదంట అని, పాస్టరు ముందు, జయశీల ముందు, సంఘమంతా వినేట్టు. అరిస్తే వాడు మళ్లీ మెత్తగా అంటాడా, నేనేమీ అనలేదు అని? వాడి ముఖం చూశాను. అనడు ఈసారి. అడిగితే ఇస్తాడు కూడా, ఇచ్చి, జీవితమంతా ఇచ్చినవాడై మంచివాడై తిరుగుతాడు, నేను తీసుకున్నవాడినై ఉంటాను, వాడి గదుల పక్క గదుల్లో. వాడి బొటనవేలు ఇంకా ఆ గీత మీదే ఉంది. పిసికే ఆ ఆట వాడికి ఇప్పుడు కావాలట. ఎడమ కాలికే ఇట్లా, కుడి కాలు ఇంకా చూడలేదు వాడు, మోకాలి వెనక గుత్తి చూడలేదు, అక్కడ బాపు ఇంకా ఎక్కువ ఉన్నాడు. చూడనీ. కుళ్లుకోనీ. ఇది కట్టుకోలేడు, కిరాయికి ఇవ్వలేడు, నా నుంచి రాయించుకోలేడు.

ముడి వాణ్ణి విప్పనివ్వలేదు. నేనే వంగి కుడి బూటు తీసి, ప్యాంటు పైకి లాగి, ఆ కాలు కూడా పళ్లెంలో పెట్టాను. తూర్పున సర్వీసు రోడ్డు, పడమర రాతిగుండు, ఉత్తరాన జంగయ్య పొలం గట్టు, దక్షిణాన మిగిలింది ఆశేర్‌ది. ఎకరం ఇరవై నాలుగు గుంటల రాళ్ల చెలకలో నా సగం, ముప్పై రెండు గుంటలు, ఆ కాలితో పాటే నీళ్లలోకి పోయింది.